గుండెపోటు తర్వాత పంపింగ్ 38 శాతం, ఇంకో బ్లాకు 60 శాతం: ఇకముందు ఏమిటి?

అమ్మా, మీరు రాసిందాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. మీది కవిటి మండలం. నాన్నగారికి 53 ఏళ్లు, తొమ్మిదేళ్లుగా మధుమేహం, చుట్ట అలవాటు. రెండు నెలల క్రితం గుండెపోటు వస్తే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాడు విశాఖలో యాంజియోగ్రామ్ చేసి, గుండె ముందుభాగానికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళంలో స్టెంటు వేశారు. కుడి నాళంలో 60 శాతం పూడిక ఉంటే దాన్ని అలాగే వదిలేశారు. గుండె స్కాన్ అయిన ఎకోలో పంపింగ్, అంటే ప్రతిసారి కొట్టుకున్నప్పుడు గుండె తనలోని రక్తంలో బయటికి నెట్టే భాగం, 38 శాతం. రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6, అంటే ఎక్కువే. ఇప్పుడు ఏ బాధా లేదు కాబట్టి మాత్రలు ఆపేస్తానని ఆయన పట్టుబడుతున్నారు. బంధువుల్లో ఒకరు రెండో స్టెంటు అంటున్నారు, ఒకరు బైపాస్ అంటున్నారు, మరొకరు కోత లేకుండా బ్లాకులు కరిగించే చోటు తెలుసంటున్నారు. చివరగా మీరు అడిగింది: నాన్న ఇంకా ఎన్నాళ్లు ఉంటారు?

శ్రీకాకుళం జిల్లాలో జనరల్ మెడిసిన్ వైద్యుడిగా చాలా ఏళ్లుగా ఇలాంటి కుటుంబాలతో మాట్లాడుతున్నాను. బ్లాకుల శాతాల గురించి అందరూ అడుగుతారు. గుండె కండరం ఎలా ఉంది, కిడ్నీ ఎలా ఉంది, మాత్రలు సరిగ్గా పడుతున్నాయా అని అడిగేవారు తక్కువ. మీ నాన్నగారి భవిష్యత్తు ఎక్కువగా ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంది.

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబిస్తాను. ఏ ఒక్క మనిషికీ ఇన్నేళ్లని లెక్కగట్టి చెప్పలేం, చెప్పేవారిని నమ్మకండి. అయితే ఆయన పరిస్థితి ఎటు మొగ్గుతోందో చెప్పగలం. గుండెపోటులో అత్యంత ప్రమాదకరమైనది మొదటి గంట. ఆ తర్వాత మొదటి కొన్ని వారాలు, ఆ తర్వాత మొదటి ఏడాది. గండం క్రమంగా తగ్గుతూ వస్తుంది. మీ నాన్నగారు ఆ మొదటి రెండు దశలూ దాటారు. ఇంజెక్షన్ తొందరగా పడింది, మూసుకున్న నాళం తెరుచుకుంది, వయసు చిన్నది, ఆయాసం లేదు. ఇవన్నీ ఆయనకు అనుకూలం. తగ్గిన పంపింగ్, మధుమేహం, కిడ్నీ, చుట్ట ప్రతికూలం. ఈ నాలుగింటిలో రెండు మారగలవు, మిగిలిన రెండింటినీ అదుపులో పెట్టవచ్చు. అందుకే ఆయన గురించి నాకు ఆశ ఎక్కువగానే ఉంది.

ఆ 38 అంకె మీ ఇంట్లో అందరినీ భయపెట్టిందని రాశారు. ఆ ఎకో గుండెపోటు వచ్చిన రెండో రోజు తీసింది. రక్తం అందక దెబ్బతిన్న కండరంలో కొంత భాగం పూర్తిగా చనిపోతుంది, అది మళ్లీ రాదు. కానీ దాని చుట్టూ ఉన్న కండరం ప్రాణంతోనే ఉండి, కొన్నాళ్లు కదలిక మానేస్తుంది. నాళం తెరుచుకున్నాక అది వారాల మీద కోలుకుంటుంది. కాబట్టి రెండో రోజు ఎకోను బట్టి జీవితాన్ని అంచనా వేయకూడదు. ఆరు వారాల నుంచి మూడు నెలల లోపు మళ్లీ ఎకో తీయాలి. మీకు ఇప్పుడు సరిగ్గా ఆ సమయం వచ్చింది, వాయిదా వేయకండి. పంపింగ్ 50కి దగ్గరగా వస్తే చాలా మంచి వార్త. అక్కడికి రాకపోయినా మందులతో ఇంకా మెరుగయ్యే వీలుంది. మూడు నెలలు పూర్తి మోతాదులో మందులు వాడాక కూడా 35 లేదా అంతకంటే తక్కువే ఉంటే, గుండె లయ ఒక్కసారిగా తప్పి ప్రాణం పోకుండా కాపాడే చిన్న పరికరం ఒకటి అమర్చుతారు. ఐసీడీ అంటారు. ఆ అవసరం వస్తుందో లేదో ఈ రెండో ఎకోయే చెబుతుంది.

ఇక రెండో బ్లాకు. చాలామంది అనుకునేది, పూడిక కొంచెం కొంచెంగా పెరిగి 70, 80, 90 అయి, నూరు శాతం అయిన రోజు గుండెపోటు వస్తుందని. జరిగేది సాధారణంగా అది కాదు. నాళం గోడలో పేరుకున్న కొవ్వుమీది పల్చటి పొర చిట్లుతుంది, అక్కడ నిమిషాల్లో రక్తం గడ్డ కడుతుంది. నిన్నటిదాకా 40 శాతం ఉన్న పూడిక కూడా ఇలా చిట్లవచ్చు. స్టెంటు వేసిన రెండు మూడు సెంటీమీటర్ల భాగం తెరుచుకుంటుంది. మిగతా నాళాలన్నింటిలో ఉన్న జబ్బును నిద్రపుచ్చేది మందులే.

మరి 60 శాతం పూడికను ఏం చేయాలి? ఇక్కడ రెండు రకాల రోగులను కలిపేసి మాట్లాడడం వల్ల గందరగోళం వస్తోంది. నడిస్తే ఛాతీ బరువు, ఆగితే తగ్గడం, ఇలా స్థిరంగా ఉన్న జబ్బు ఒక రకం. వీరిపై 2020లో వెలువడిన ఇస్కీమియా పరిశోధనలో 5,179 మందిని పరిశీలించారు. ముందే యాంజియోగ్రామ్ చేసి స్టెంటో బైపాసో చేసినవారికీ, ముందు మందులతోనే చూసినవారికీ సుమారు మూడేళ్లలో మరణాల్లో గానీ గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి మాత్రం స్టెంటు, బైపాస్‌లతో బాగా తగ్గింది. మీ నాన్నగారు రెండో రకం. పెద్ద గుండెపోటు వచ్చి ఒక నాళానికి స్టెంటు పడింది, ఇంకో నాళంలో పూడిక మిగిలింది. వీరిపై 2019లో కంప్లీట్ పరిశోధన 4,041 మందితో జరిగింది. మిగిలిన పెద్ద పూడికలకు కూడా స్టెంటు వేస్తే మూడేళ్లలో గుండె జబ్బుతో మరణం లేదా మళ్లీ గుండెపోటు 10.5 శాతం నుంచి 7.8 శాతానికి తగ్గాయి. అయితే అందులో పెద్ద పూడిక అంటే 70 శాతం, ఆ పైన. 50 నుంచి 69 మధ్య ఉన్నవాటిని కంటి అంచనాతో వదిలేయకుండా, సన్నని తీగతో పూడికకు అటూ ఇటూ రక్తపు ఒత్తిడి కొలిచి (దీన్నే ఎఫ్ఎఫ్ఆర్ అంటారు), ఆ రెండింటి నిష్పత్తి 0.80 లేదా అంతకంటే తక్కువ వస్తేనే స్టెంటు వేశారు.

కాబట్టి మీ నాన్నగారి 60 శాతానికి స్టెంటు వేయించండి అని గానీ, వద్దు అని గానీ కాగితం చూసి ఎవరూ చెప్పకూడదు. నా అభిప్రాయం ఇది: ముందు ఎకో, క్రియాటినిన్ మళ్లీ చూడాలి. నడకలో ఛాతీ బరువు, ఆయాసం ఉన్నాయా అని గమనించాలి. కుడి నాళం కనిపించే యాంజియోగ్రామ్ సీడీని గుండె వైద్యుడికి చూపించి, ఎఫ్ఎఫ్ఆర్ కొలవాల్సిన అవసరం ఉందా అని సూటిగా అడగండి. యాంజియోగ్రామ్‌లో వాడే రంగు మందు కిడ్నీకి భారం. క్రియాటినిన్ 1.6 ఉన్న మధుమేహ రోగికి అది చిన్న విషయం కాదు. చేయాల్సి వస్తే తప్పక చేస్తారు. ముందుగా సెలైన్ పెట్టి, రంగు మందు వీలైనంత తక్కువ వాడి, రెండు మూడు రోజుల తర్వాత క్రియాటినిన్ చూస్తారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చామని, కిడ్నీ సంగతి ఇదని ఆ వైద్యుడికి మీరే ముందు చెప్పాలి.

బైపాస్ మీ నాన్నగారికి ఇప్పుడున్న వివరాల ప్రకారం అవసరం కనిపించడం లేదు. మధుమేహం ఉండి మూడు నాళాల్లోనూ పెద్ద పూడికలు ఉన్నప్పుడు, లేదా ఎడమవైపు మొదట్లోనే ప్రధాన నాళం మూసుకుపోతున్నప్పుడు బైపాస్ గురించి గట్టిగా ఆలోచిస్తాం. మధుమేహ రోగుల్లో 2012 నాటి ఫ్రీడమ్ పరిశోధన దాన్ని స్పష్టంగా చూపింది: ఐదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంటు పక్షాన 26.6 శాతం, బైపాస్ పక్షాన 18.7 శాతం. మీ బంధువు చెప్పిన మాట ఎవరో మూడు నాళాల రోగి విషయంలో నిజమై ఉండవచ్చు.

బ్లాకులు కరిగించే చోటు గురించి మాత్రం నేను మొహమాటం లేకుండా చెబుతాను: డబ్బు, సమయం రెండూ పోతాయి. కాళ్లకు గాలి పట్టీలు చుట్టి గుండె లయకు తగ్గట్టు నొక్కే యంత్రం ఒకటి ఉంది. స్టెంటుకూ బైపాస్‌కూ వీలుకాని రోగుల్లో నొప్పి తగ్గడానికి కొందరికి ఉపయోగపడుతుంది, పూడికను కరిగించదు. సెలైన్‌లో ఈడీటీఏ ఎక్కించి నాళాలు కడుగుతామనేది రెండో రకం. 2024లో వెలువడిన టాక్ట్-2 పరిశోధన సరిగ్గా మీ నాన్నగారి లాంటివారిపైనే జరిగింది, మధుమేహం ఉండి గుండెపోటు వచ్చినవారిపై. గుండెకు ప్రయోజనం కనిపించలేదు. పూడికను కాస్తయినా వెనక్కి తగ్గించగలిగింది ఏదైనా ఉందంటే అది ఆయన రాత్రి వేసుకునే, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర. అలాంటి చోట్లకు వెళ్లినవారు చాలామంది ఆ నమ్మకంతో అసలు మాత్రలు మానేస్తారు. నా భయమంతా అక్కడే.

మాత్రల విషయం ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. ఏ బాధా లేకపోవడానికి కారణం ఆ మాత్రలే. ఆస్పిరిన్ జీవితాంతం ఉంటుంది. 1988లోనే ఐసిస్-2 అనే పరిశోధన, 17 వేల మందికి పైగా గుండెపోటు రోగుల్లో, ఈ చవకైన మాత్ర ఒక్కటే ఐదు వారాల మరణాలను దాదాపు నాలుగోవంతు తగ్గిస్తుందని చూపింది. రెండో రక్తం పల్చబడే మాత్ర, మీరు రాసిన క్లోపిడోగ్రెల్, సాధారణంగా ఏడాది పాటు. లోపల పెట్టిన లోహపు జాలీ మీద కొత్త పొర పూర్తిగా కప్పుకునే లోపు ఈ మాత్రలు ఆపితే, స్టెంటులోనే గడ్డ కట్టి మొదటిదానికంటే పెద్ద గుండెపోటు రావచ్చు. పన్ను తీయించుకోవాలన్నా, చిన్న ఆపరేషన్ అన్నా, ఎవరో ఆపమన్నారని ఆపవద్దు. స్టెంటు వేసిన వైద్యుడిని అడిగాకే ఏదైనా.

స్టాటిన్ కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవారికే అనుకుని, రిపోర్టు మామూలుగా వచ్చిందని మానేసేవారు చాలామంది. గుండెపోటు వచ్చిన మనిషికి మామూలు అంకె సరిపోదు. చెడ్డ కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, 55 కన్నా కిందికి దిగాలి, మొదట ఉన్నదానిలో సగమైనా తగ్గాలి. మాత్ర మొదలుపెట్టాక నాలుగు నుంచి ఆరు వారాలకు పరీక్ష చేసి, దిగకపోతే ఎజెటిమైబ్ అనే ఇంకో మాత్ర జోడిస్తారు. మీరు పంపిన రిపోర్టులో 82 ఉంది. ప్రయోగశాల దాన్ని సాధారణం అని ముద్రించింది. ఆయనకు అది ఎక్కువ.

పంపింగ్ తగ్గినవారికి నాలుగు రకాల మందులు ప్రాణం నిలబెడతాయి: గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రోలాల్ లాంటిది, రక్తనాళాలను సడలించే రామిప్రిల్ లాంటిది, స్పైరోనోలాక్టోన్ లేదా ఎప్లెరినోన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది. చివరిది షుగరు మాత్రగా వచ్చి, ఇప్పుడు గుండెకూ కిడ్నీకీ కూడా మేలు చేస్తుందని తేలింది. మీ నాన్నగారికి మూడు జబ్బులకూ ఒకే మాత్ర. ఆయన చీటీలో అది లేదు, ఎందుకు లేదో అడగండి.

ఉద్దానంలో ఈ చికిత్సకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలిసిన సంగతే. రామిప్రిల్ వేసుకుంటే కిడ్నీ పాడవుతుందని ఎవరో అంటారు, వెంటనే మానేస్తారు. నిజానికి మొదట్లో క్రియాటినిన్ కొంచెం పెరిగినా, ఆ పెరుగుదల 30 శాతం లోపు ఉంటే సాధారణంగా మందు కొనసాగిస్తాం, దీర్ఘకాలంలో అది కిడ్నీకి కూడా రక్షణ. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు, మోతాదు పెంచిన ప్రతిసారీ క్రియాటినిన్, పొటాషియం పరీక్ష తప్పనిసరి. కిడ్నీని నిజంగా దెబ్బతీసేవి మోకాళ్ల నొప్పులకు ఊళ్లో వేయించుకునే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, మాత్రలు. అవి గుండెకూ చేటు, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం. నొప్పికి పారాసిటమాల్ చాలు. వాంతులో విరేచనాలో పట్టుకుని నీళ్లు నిలవని రోజున రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ తాత్కాలికంగా ఆపాల్సి ఉంటుంది. ఆ రోజే వైద్యుడికి ఫోను చేసి అడగండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం ఆపకూడదు.

కొబ్బరి నీళ్ల గురించి ఎవరూ చెప్పి ఉండరు. మీ పెరట్లోనే చెట్లు ఉంటాయి కాబట్టి చెబుతున్నాను. రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ రెండూ ఒంట్లో పొటాషియంను పట్టి ఉంచుతాయి, బలహీనపడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. ఒక గ్లాసు కొబ్బరి నీళ్లలో దాదాపు ఒక అరటిపండులో ఉన్నంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పొటాషియం ఉంటుంది. మా ఓపీకి ఒక కొబ్బరి రైతు కాళ్లు లాగేస్తున్నాయని, లేవలేకపోతున్నానని వచ్చారు. నాడి చాలా నెమ్మదిగా ఉంది. ఈసీజీలో మామూలుగా గుండ్రంగా ఉండాల్సిన తరంగం సూదిమొనలా పైకి లేచి ఉంది. పొటాషియం 6.8, అంటే ప్రమాదకరంగా ఎక్కువ. ఎండలు కదా, చలవ చేస్తుందని రోజూ మూడు నాలుగు బొండాలు తాగుతున్నారు. ఇంకొన్ని గంటలు ఇంట్లోనే ఉండి ఉంటే గుండె ఆగిపోయేది. మీ నాన్నగారు ఈ మందులు వాడినంత కాలం, పొటాషియం రిపోర్టు చూసి వైద్యుడు సరేననే దాకా కొబ్బరి నీళ్లు వద్దు. దుకాణంలో దొరికే తక్కువ సోడియం ఉప్పు కూడా వద్దు, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే.

ఖర్చు వల్ల మాత్రలు మానేసే ఇళ్లు కూడా నాకు తెలుసు. స్టెంటు ఎన్టీఆర్ వైద్య సేవ కింద వేసి ఉంటే, తర్వాతి పరీక్షలకు, మందులకు ఏం వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం సహాయ కేంద్రంలో అడగండి. మిగతావి జన ఔషధి దుకాణంలో చాలా తక్కువకు దొరుకుతాయి. ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, మెటోప్రోలాల్, రామిప్రిల్ అన్నీ అక్కడ ఉంటాయి.

చుట్ట. రెండు నెలలుగా తగ్గించారని రాశారు. తగ్గించడం కాదు, మానాలి. గుండె జబ్బు ఉన్నవారు పొగ మానితే మరణం ముప్పు మూడోవంతుకు పైగా తగ్గుతుంది, దాదాపు ఏ మాత్రా ఒంటరిగా ఇంత మేలు చేయదు. నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే నానమ్మ కూడా ఇంట్లో ఉన్నారని రాశారు. ఆమె పక్కన కూర్చుని ఈయన మానలేరు. ఇద్దరికీ ఒకేసారి చెప్పండి. నికోటిన్ బిళ్లలు ఉన్నాయి, మొదటి వారాల్లో తోడుగా వాడవచ్చు.

మళ్లీ నొప్పి వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మధుమేహం ఉన్నవారికి నొప్పి లేకుండా చెమటలు, ఆయాసం, వాంతి, దవడ లాగడం మాత్రమే రావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగించి గంటలు పోగొట్టుకోవద్దు. వెంటనే కూర్చోబెట్టి, నాలుక కింద గుండెనొప్పి తగ్గించే సార్బిట్రేట్ మాత్ర ఒకటి పెట్టండి. కళ్లు తిరుగుతున్నా, బీపీ తక్కువగా ఉన్నా పెట్టవద్దు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేసి, ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించండి. కవిటి నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్లు దాటే ఉంటుంది, అంతదూరం కారులో పరుగెత్తడం మొదటి పని కాకూడదు. పది నిమిషాల్లో ఈసీజీ తీసి గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇవ్వగల దగ్గరి ఆసుపత్రికి ముందు వెళ్లాలి, ఆ తర్వాతే పెద్ద ఊరు. స్టెంటు వెంటనే అందని చోట మూడు గంటల లోపు వచ్చిన రోగులకు ఇంజెక్షన్ ఇచ్చి పంపడం, నేరుగా స్టెంటుకు పంపడంతో సమానమని 2013 నాటి స్ట్రీమ్ పరిశోధన చూపింది. మీ నాన్నగారికి జరిగింది అదే, సరిగ్గానే జరిగింది. మీకు ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని బ్రహ్మపురం (బరంపురం) దగ్గర, అదీ గుర్తుంచుకోండి. ఏ ఆసుపత్రిలో ఆ ఇంజెక్షన్ నిల్వ ఉందో ఇవాళే ఫోను చేసి కనుక్కోండి. ఆయన ఇప్పటి ఈసీజీ ఫొటో మీ ఫోనులో ఉండాలి, పాతదానితో పోల్చితే వైద్యుడి నిర్ణయం తొందరగా వస్తుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. ఎండు చేపలు, ఊరగాయలు, అప్పడాలు ఉప్పు గనులు, పంపింగ్ తక్కువ ఉన్నవారికి అవే ఒళ్లు వాచేలా, ఆయాసం వచ్చేలా చేస్తాయి. అన్నం తగ్గించి చోడి (రాగి), కూరలు పెంచండి. పచ్చి చేపలు తినవచ్చు. జీడిపప్పు మానక్కర్లేదు, ఉప్పు వేయనివి గుప్పెడు చాలు. రోజూ ఉదయం బరువు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టు, వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. తోట పని నడకతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు, చెట్టెక్కడం, బస్తాలు మోయడం రెండో ఎకో వచ్చేదాకా వద్దు. ఏడాదికోసారి ఫ్లూ టీకా వేయించండి.

ఒక మాట మీ గురించి. ఇంటర్‌హార్ట్ అనే 52 దేశాల పరిశోధనలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53 అని తేలింది, మిగతా ప్రపంచానికి 59. మీ నాన్నగారిది సరిగ్గా ఆ వయసే. తండ్రికి 55 లోపు వస్తే పిల్లలకు ముప్పు ఎక్కువ. మీకు 28, తమ్ముడికి 25 అన్నారు. ఇద్దరూ ఈ నెలలోనే బీపీ, పరగడుపు షుగరు, లిపిడ్ పరీక్ష, వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొవ్వును చూపే లైపోప్రొటీన్ ఏ ఒక్కసారి, ఉద్దానం వారు కాబట్టి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చేయించుకోండి. నాన్నగారి రెండో ఎకో, పొటాషియం, ఎల్‌డీఎల్ వచ్చాక ఇక్కడే రాయండి, కుడి నాళం సంగతి వాటిని చూసి మాట్లాడదాం.